గాలక్క బొటనవేలు

ఆ రేవులో ఆమెను కన్నతల్లి పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. గేటు దగ్గరి కాపలావాడి నుంచి క్రేను నడిపే డ్రైవరు దాకా అందరికీ ఆమె గాలక్క. ఓడ కడుపులోకి మనుషులు దిగేముందు అక్కడ గాలి ఎలా ఉందో చూసి చెప్పడం ఆమె పని. ఆమె దిగమంటే దిగుతారు, ఆగమంటే ఆగుతారు. ఈమాత్రం దానికి ఒక మనిషి కావాలా అని కొత్తగా పనిలో చేరినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. పాతవాళ్ళు మాత్రం ఆ మాట అనరు.

అది పెద్ద రేవేం కాదు. పెద్ద రేవు అఖాతానికి అవతల ఉంది. అక్కడ పొద్దస్తమానం ఇనుప పెట్టెలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి, ఏ పెట్టెలో ఏముందో మోసేవాడికి కూడా తెలియదు. ఇవతలి రేవుకు వచ్చేవన్నీ పెట్టెల్లో పట్టని సరుకులు. ఎక్కడో అడవుల్లో కొట్టిన దుంగలు, మనిషెత్తు కాగితపు చుట్టలు, ఇల్లంత యంత్రాలు, వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగే గాలిమరల రెక్కలు. పెళ్ళివారికి మల్లే ఒక్కో సరుకుకూ ఒక్కో పట్టింపు. కాగితానికి తడి పనికిరాదు. యంత్రానికి కుదుపు పనికిరాదు. రెక్క దిగుతోందంటే ఊరి రోడ్డు మూయాలి, పోలీసులకు ముందే చెప్పుకోవాలి, మలుపుల్లో దీపస్తంభాలు కూడా పీకించాలి. దుంగలు ఒక్కటే ఎంత కుదిపినా, ఎంత తడిపినా నోరెత్తవు.

నోరెత్తని వాటితోనే భయం. కొట్టేసిన చెట్టు చచ్చిపోయిందనుకుంటాం. దాన్ని ఓడ కడుపులో పేర్చి, పైన మూత బిగించి, నెల రోజులు సముద్రం మీద తిప్పితే అది అక్కడి గాలిలో ఉన్న ప్రాణమంతా మెల్లగా తాగేస్తుంది. మిగిలిన గాలికి రంగుండదు, వాసనుండదు. అందులోకి దిగినవాడు దగ్గడు, అరవడు. రెండు ఊపిరులు తీసి, మూడోదానికి కూలబడతాడు. వాణ్ణి చూసి పైనున్నవాడు ఆగలేక దిగుతాడు, వాడూ పడతాడు.

గాలక్క ఒకప్పుడు ఆ రేవు ఆఫీసులో గదులు ఊడ్చేది. భర్త ఓడలో వంటవాడిగా వెళ్ళి, ఏదో దేశంలో దిగి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. "మీ ఆయన పోయాడటగా?" అని ఎవరైనా జాలిగా అడిగితే, "పోయాడు, పోయినచోట క్షేమంగానే ఉన్నాడు" అనేది. పిల్లలు లేరు. తల్లి పోయిన దగ్గర్నుంచి చంకనేసుకుని పెంచిన తమ్ముడు ఉన్నాడు, అంతే.

పంతొమ్మిదేళ్ళ కిందట ఒక ఓడ కడుపులో ఒకే పూట ఇద్దరు పోయారు. మొదటివాడు ఊపిరాడక పడ్డాడు, వాణ్ణి లాగబోయి రెండోవాడు పడ్డాడు. సాయంత్రం పని ముగిశాక అందరి తిండి డబ్బాలూ వెళ్ళిపోయి, గూట్లో రెండు మాత్రం మిగిలాయి. గాలక్కే వాటిని కడిగి, తుడిచి, ఆ రెండిళ్ళకూ తీసుకెళ్ళి ఇచ్చింది. ఒక ఇంట్లో డబ్బా అందుకున్న ముసలావిడ మూత తీసి లోపలికి చూసి, "తిన్నాడా మరి?" అని అడిగింది. తిన్నాడనే చెప్పింది గాలక్క. తినలేదు.

ఆ తరవాత గాలి చూడటానికి ఒక మనిషిని పెట్టాలన్నారు. ఎవరూ ముందుకు రాలేదు. తొందరలో ఉన్న మగవాళ్ళను పట్టుకుని రోజంతా వద్దు, కాదు, ఆగు అనడం ఎవరికి మాత్రం ఇష్టం? అప్పటి ఇంజనీరు చీపురు పట్టుకుని నిలబడ్డ ఆమెను చూసి, "నీకు కోపం ముక్కు మీదే ఉంటుందటగా, ఈ పని చేస్తావా?" అన్నాడు. "కాదనడానికి కోపం ఎందుకండీ, నోరుంటే చాలదూ?" అంది. ఆరు వారాలు నేర్పించి చేతికి మీటరు ఇచ్చారు.

మీటరు చూడటానికి అరచేతి కంటే కాస్త పెద్దది. దానికి పొడుగాటి సన్నని గొట్టం. గొట్టాన్ని కిందికి వదిలితే మీటరులోని చిన్న పంపు అక్కడి గాలిని పైకి పీలుస్తుంది, తెర మీద అంకె పడుతుంది. బయట మనం పీల్చే మంచి గాలికి ఇరవై పాయింట్ తొమ్మిది. పంతొమ్మిదిన్నర కంటే తగ్గిందంటే ఎవరూ దిగకూడదు. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. ఉన్న విద్యంతా ఆమె బొటనవేలిలో ఉంది. గొట్టం వదిలేముందు దాని కొనను బొటనవేలితో మూయాలి. గొట్టం బాగుంటే పంపుకు గాలి అందక మీటరు కీచుమని అరుస్తుంది. అరవలేదంటే గొట్టానికి ఎక్కడో చిల్లి ఉన్నట్టు. అలాంటప్పుడు మీటరు కిందున్న గాలిని వదిలేసి, నీ గుండెల దగ్గరున్న గాలినే పీల్చి, అంతా బ్రహ్మాండం అని చెబుతుంది.

ఒక ఓడలో మూడు గదులుంటే మూడు సార్లూ బొటనవేలు పెట్టాలి. ఇది ఏ కాగితం మీదా రాసిలేదు, గాలక్క తనకు తాను పెట్టుకున్న నియమం. అది రేవులో పెద్ద నవ్వులాట అయింది. "గాలక్క బొటనవేలు పెట్టింది, పదండ్రా, టీ తాగొద్దాం" అనేవాళ్ళు. ఓడ కడుపులోకి దిగే మెట్ల గది మూత దగ్గర, దిగొచ్చని ఆమె పచ్చ చీటీ కట్టేదాకా అక్కా అక్కా అని చుట్టూ తిరిగేవాళ్ళు, కట్టాక ఆమె ఉన్న సంగతే మరిచిపోయేవాళ్ళు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టు. ఆమె పట్టించుకునేది కాదు. పంతొమ్మిదేళ్ళలో ఆమె చీటీ కట్టాక ఒక్క మనిషికీ తల తిరగలేదు, అది తనకు చాలు అనుకునేది.

తమ్ముడు దుంగల గ్యాంగుకు మేస్త్రి. ఆమె కంటే ఏడేళ్ళు చిన్న. కింద ఆమె ఒక్క గదిలో ఉంటుంది, పై వాటాలో అతనూ భార్యా ఉంటారు. మధ్యలో పద్నాలుగు మెట్లు, ఒక పక్క గోడ, ఒక పక్క ఇనుప కమ్మీ, ఎదురుగా ఎవరైనా వస్తే పక్కకు ఒత్తిగిలాలి. మరదలు అదే రేవులో కాగితపు చుట్టల గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. టన్నుల బరువున్న చుట్టను గోరు తగలకుండా ఎత్తి దించుతుంది గానీ, ఇంట్లో గ్లాసులు కడిగితే రోజుకొకటి పగలాల్సిందే.

గ్యాంగులో ఒక ఆనవాయితీ ఉంది. గాలి చూశాక మేస్త్రి ఒక్కడే ముందు దిగుతాడు. అడుగుకు చేరి ఇనుప కొక్కెంతో నిచ్చెన మీద మూడు దెబ్బలు కొడతాడు. అవి వినిపిస్తేనే మిగతా వాళ్ళు దిగుతారు. తమ్ముడు మేస్త్రి అయిన మొదటి రోజే అందరి ముందూ అక్కను ఆటపట్టించాలని, చేతులు కట్టుకుని, చంటిపిల్లాడి గొంతు పెట్టి, "అక్కా, దిగొచ్చా?" అని అడిగాడు. "దిగరా, దున్నపోతా" అంది ఆమె. గ్యాంగంతా విరగబడి నవ్వింది. అప్పటి నుంచి ప్రతి ఓడకూ అదే మాట, అదే జవాబు. నవ్వడం ఎప్పుడో మానేశారు గానీ, ఆ రెండు మాటలూ పడకుండా అతను ఏ మెట్టూ దిగలేదు.

ఒక సాయంత్రం ఇంట్లో మాటా మాటా వచ్చింది. ఆ రోజు ఒక దుంగల ఓడ రెండో గదిలో అంకె తక్కువ చూపిస్తే, గాలక్క పెద్ద పంకా పెట్టించి రెండు గంటలు పని ఆపించింది. షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఆమెను ఏమీ అనలేక గ్యాంగు మీద విరుచుకుపడ్డాడు. పై వాటాలో భోజనాల దగ్గర తమ్ముడు ఆ సంగతి ఎత్తాడు.

"అక్కా, ఆపేది నువ్వు, మాటపడేది మేము."

"పడితే పడ్డారు. మాటకు ఎవడూ చావలేదులే" అంది గాలక్క.

"నీకు అర్థం కావట్లేదు. బయట రెక్కల ఓడ లంగరేసుకుని కాచుకుంది. రేపు మధ్యాహ్నం పోటుకు మన ఓడ కదలకపోతే అది లోపలికి రాలేదు. రోడ్డు మూయడానికి పోలీసులు ఇచ్చింది రేపు ఒక్కరోజే. ఇన్‌ఛార్జి ఏమన్నాడో తెలుసా? గాలక్కకు వయసైపోయింది, చాదస్తం పెరిగింది, ఇంకో మనిషిని చూడాలేమో అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "నేనేమంటాను? నవ్వి ఊరుకున్నాను."

"తినేటప్పుడు ఇవన్నీ ఎందుకండీ?" అని మరదలు సర్దబోయింది. "వదినా, ఇంకాస్త వడ్డించనా?"

"చాలమ్మాయ్" అని గాలక్క లేచి చెయ్యి కడుక్కుంది. ఇన్‌ఛార్జి ఏమన్నా ఆమెకు చీమ కుట్టినట్టుండదు. వాడి నోటికి మొక్కాలి గానీ, వాడు ఈమెకు అయినవాడా, కానివాడా? తమ్ముడు నవ్వాడన్నదే ముల్లులా గుచ్చుకుంది. తన చేతుల మీద నడక నేర్చినవాడు పదిమందిలో తనను చూసి నవ్వాడు. ఆ మెట్లు దిగుతూ ఆమె, రేపు ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యను, చూస్తారుగా అనుకుంది. మనిషన్నాక ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. కానీ ఆమె చేసే పనిలో ఒళ్ళు మండటానికి చోటు లేదు, ఆ సంగతి ఆమెకు అందరికంటే బాగా తెలుసు.

మర్నాడు పొద్దున ఎండ తేటగా ఉంది. మొదటి గది చూసింది, బొటనవేలు పెట్టే చూసింది. రెండో గది కూడా అంతే. రెండూ బాగున్నాయి. మూడో గది దగ్గరికి గొట్టం ఈడ్చుకుంటూ వెళ్తుంటే అది ఒక ఇనుప రాటకు తట్టుకుంది. ఆమె వెనక్కి తిరిగి, విసుగ్గా ఒక్క గుంజు గుంజింది. గొట్టం రాటను వదిలి వచ్చింది. మీటరుకు అతికే చోట అది సన్నగా చిట్లిందని తరవాత తేలింది.

మూడో గదిలో పై దుంగలు అప్పటికే క్రేను తీసేసింది. మూలల్లో ఇరుక్కున్న వాటికి మనుషులు దిగి గొలుసులు వేయాలి. దిగడానికి పక్కన వేరే మెట్ల గది ఉంది, నిలువుటి ఇనుప బావిలాంటిది, లోపల మలుపులు మలుపులుగా నిచ్చెన, పైన మనిషి పట్టేంత గుండ్రటి మూత. దాని అడుగు తలుపుకు దుంగలు అడ్డంపడి ఉండటంతో లోపలి గాలికి కదలిక లేదు. మూత తీసి గ్యాంగు చుట్టూ నిలబడింది. ఇన్‌ఛార్జి కూడా వచ్చాడు.

"తొందరేం లేదక్కా, నీ ఇష్టం. ఎంతసేపంటే అంతసేపు" అన్నాడు, గడియారం చూసుకుంటూ.

గాలక్క గొట్టం కొస పట్టుకుని బొటనవేలు దాని దాకా తెచ్చింది. గ్యాంగులో అందరికంటే పాతవాడు, పొడుగాయన అంటారు అతన్ని, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "పదండ్రా టీకి, బొటనవేలు వస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. రాత్రి మాటలకు తానేమీ మనసులో పెట్టుకోలేదని చెప్పడానికే నవ్వాడేమో, ఎవరికి తెలుసు?

ఆమె బొటనవేలు వెనక్కి తీసేసుకుంది. గొట్టం లోపలికి వదిలింది. తెర మీద ఇరవై పాయింట్ తొమ్మిది పడింది. కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మూతకు పచ్చ చీటీ కట్టింది.

"అక్కా, దిగొచ్చా?" అన్నాడు తమ్ముడు, ఎప్పటి గొంతుతోనే, కొంచెం బతిమాలుతున్నట్టు.

"దిగు. వద్దనడానికి నేనెవర్ని?" అని ఆమె మొహం కూడా చూడకుండా మీటరు భుజాన వేసుకుని ఓడ దిగి వెళ్ళిపోయింది.

ఓడ కట్టిన గట్టు చివర టీ కొట్టు. గ్లాసు చేతిలో పెట్టుకుని ఊదుతూ నిలబడింది. ఈసారి ఎవరూ ఆలస్యం అనలేరు, ఇన్‌ఛార్జి నోరు మూతపడింది అనుకుంది. అనుకున్నంత సంతోషం మాత్రం రాలేదు. ఆ అంకె పళ్ళ మధ్య పీచులా ఇరుక్కుని ఇబ్బంది పెడుతోంది. ఇరవై పాయింట్ తొమ్మిది. ఇంతవరకూ ఇన్ని దుంగల ఓడలు చూసింది. పంకాలు పెట్టి, గంటలు గంటలు ఆరబెట్టాక కూడా ఇరవైన్నర పడితే గొప్ప. అప్పుడే మూత తీసిన మెట్ల గదిలో ఇరవై పాయింట్ తొమ్మిదా? అంత మంచి గాలి అక్కడికెలా వచ్చింది?

ఆమె గ్లాసు పక్కన పెట్టి, మీటరు నొక్కి, గొట్టం కొనకు బొటనవేలు పెట్టింది. మీటరు అరవలేదు. మెత్తగా గురగురమంటూనే ఉంది.

ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. వెనక కొట్టువాడు ఏదో అడుగుతున్నాడు, వినిపించలేదు. పరిగెత్తింది. పరిగెత్తుతూ, పైన గాజు గదిలో కూర్చున్న క్రేను డ్రైవరుకు కనబడేలా రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి ఊపింది. రేవులో అది ఎవరు చేసినా పని ఆపాల్సిన సైగ. అతను చూశాడు. హారన్ బారుగా మోగింది. ఓడ ఎక్కే మెట్లు ముప్ఫై ఎనిమిది, ఆ వయసులో ఆమె వాటిని ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

మెట్ల గది మూత దగ్గర ఐదుగురు ఉన్నారు. ఆ ఐదుగురినీ చూసి ఒక్క క్షణం ఆమెకు ఊపిరి వచ్చింది, ఆరోవాడు లేడని గుర్తురాగానే పోయింది. పొడుగాయన అప్పటికే ఒక కాలు లోపల పెట్టాడు.

"మేస్త్రి దెబ్బలు కొట్టలేదక్కా. పిలిస్తే పలకట్లేదు. రెండో మలుపులో పడి ఉన్నాడు."

"కాలు తియ్యి!"

"ఆయనక్కడ—"

"కాలు తియ్యరా! లోపల గాలి లేదు!"

అతని చొక్కా పట్టి వెనక్కి లాగి, మూత తీసిన ఆ గుండ్రటి కంతకు తాను అడ్డంగా కూర్చుంది. రెండు చేతులతో ఇనుప అంచు పట్టుకుంది. కాళ్ళ సందులోంచి చూస్తే లోతుగా పసుపు టోపీ కనిపిస్తోంది. ఆ టోపీ లోపలి పట్టీ చిరిగితే మొన్న ఆదివారం తానే కుట్టింది.

"పచ్చ చీటీ కట్టింది నువ్వేగా?" అని అరిచాడు పొడుగాయన.

"నేనే. తప్పు కట్టాను. దిగొద్దంటున్నదీ నేనే."

"ఊపిరి బిగబట్టుకుని వెళ్ళి వచ్చేస్తానక్కా, ఒక్క నిమిషం" అన్నాడు ఇంకొకడు.

"డెబ్భై కిలోల మనిషిని ఎత్తుకుని ఆ మెట్లు ఎక్కుతూ ఊపిరి బిగబడతావా? వాడి పక్కన నువ్వూ పడుకుంటావు, అంతే."

పొడుగాయనకు పిచ్చెత్తినట్టయింది. ఆమె రెక్క పట్టి లాగాడు. చెయ్యి మెలిపెట్టాడు. "ఎలాంటి మనిషివి నువ్వు! తోడబుట్టినవాడు కళ్ళ ముందు పోతుంటే—"

"వాడు నా తమ్ముడురా! నీకంటే నాకు తక్కువా?" అంది ఆమె. ఆ అరుపుకు అతని చెయ్యి దానంతటదే వదులైంది.

నిజానికి ఆ నిమిషంలో అందరికంటే ముందు దిగాలని ఉన్నది ఆమెకే. ఒళ్ళంతా కిందికే లాగుతోంది. అక్కడ అడ్డంగా కూర్చున్నది వాళ్ళను ఆపడానికి మాత్రమే కాదు. కళ్ళ ముందు కడిగి బోర్లించిన రెండు డబ్బాలు కనిపిస్తున్నాయి. దిగితే సాయంత్రానికి ఎన్ని డబ్బాలు మిగులుతాయో ఆమెకు తెలుసు.

"నిలబడి చూస్తారేం? రెండో గది పంకా ఇటు లాక్కురండి, దాని గొట్టం ఇందులోకి వదలండి!" అని అరిచింది. అది విని ఐదుగురూ ఒక్కసారి కదిలారు, చేతులకు పని దొరికింది. ఇన్‌ఛార్జి రేడియోలో అగ్నిమాపకం వాళ్ళను పిలుస్తున్నాడు. అతని మొహం తెల్లగా పాలిపోయింది, గడియారం ఊసే లేదు. ఏనుగు తొండమంత గొట్టం ఆ కంతలోంచి లోపలికి జారింది, పంకా హోరుమంది. ఆమె అంచు వదలకుండా పక్కకు జరిగి, "ఒరే, ఊపిరి పీల్చరా, గాలి వస్తోంది, పీల్చు" అని కిందికి చెబుతూనే ఉంది.

వీపుకు సిలిండర్లు కట్టుకున్నవాళ్ళు వచ్చి, దిగి, అతన్ని తాడుతో పైకి తీసేసరికి ఆమె కూర్చుని పదకొండు నిమిషాలైంది. ఆమె అంచు పట్టుకున్న వేళ్ళు విప్పడానికి పొడుగాయన సాయం పట్టాల్సి వచ్చింది.

అతను బతికాడు. తొమ్మిది రోజులు కళ్ళు తెరవలేదు, తరవాత తెరిచాడు. పంకా లేకపోతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. దక్కిందంతా దక్కినట్టు కాదని కూడా మెల్లగా చెప్పాడు. గాలి అందని ఆ నిమిషాల్లో తలలో కొంత భాగం వాడిపోయింది, తిరిగి వచ్చేదెంతో, రానిదెంతో ఇప్పుడే చెప్పలేమన్నాడు.

రేవులో గాలక్క పేరు మారుమోగిపోయింది. తమ్ముడు పడి ఉన్నా అయిదుగురి ప్రాణాలు కాపాడిన మనిషి అన్నారు. పొడుగాయన భార్య ఇంటికొచ్చి, ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకుని, "మా ఇల్లు నిలబెట్టావమ్మా" అని ఏడ్చింది. చెంప మీద కొట్టినా గాలక్కకు అంత నొప్పి పుట్టేది కాదు.

విచారణకు వచ్చినవాళ్ళు గొట్టం చూశారు, చిట్లిన చోట కొలిచారు, ఫొటోలు తీశారు. పరికరం లోపం అని రాసుకుని కలం మూయబోతుంటే గాలక్క, "మూడో గదికి నేను బొటనవేలు పెట్టలేదు" అంది. ఇన్‌ఛార్జి ఆమెను వరండాలోకి తీసుకెళ్ళాడు. "ఆ మాట నిన్నెవరడిగారక్కా? ఆ బొటనవేలి సంగతి నీ ఒక్కదాని నియమం, ఏ కాగితంలోనూ లేదు. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకుంటావెందుకు?" అన్నాడు. అతనిది చెడ్డబుద్ధి కాదు, నిజంగానే ఆమె మంచి కోరాడు. ఆమె లోపలికి వెళ్ళి మళ్ళీ అదే మాట చెప్పి, రాసేదాకా అక్కడే కూర్చుంది. మీటరు ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నారు. చేతి తొడుగులూ టోపీలూ ఇచ్చే సామాను గదిలో వేశారు.

వాళ్ళకు చెప్పడం తేలిక. మరదలికి చెప్పడానికే నోరు పెగల్లేదు. ఆసుపత్రి నడవాలో బల్ల మీద పక్కపక్కనే కూర్చుని, మూడు రోజులు చెప్పబోయి మింగేసింది. నాలుగో రోజు చెప్పేసింది.

మరదలు ఆమె వైపు తిరిగింది. "ఎప్పుడూ పెట్టేదానివేగా వదినా?"

"ఎప్పుడూ పెట్టాను."

"మరి ఆ రోజు?"

"వాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు. నాకు ఉక్రోషం వచ్చింది."

మరదలు లేచి వెళ్ళి, అవతలి బల్ల మీద కూర్చుంది. ఆ తరవాత నలభై రోజులు గాలక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. కింద గది తలుపు తీసి ఉన్నా, అటు చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయేది. గాలక్క ఆమెను తప్పుపట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, కాలింది తన చేతులు కూడా కాకపోయె అనుకుంటూ, ఒంటరిగా వండుకుని, తినకుండా పడుకునేది.

కొత్తగా గాలి చూడటానికి వచ్చినతను ఒకసారి చేతి తొడుగుల కోసం సామాను గదికి వచ్చాడు. నెమ్మదస్తుడు. "బొటనవేలు పెడుతుంటే నవ్వుతున్నారండీ" అన్నాడు మొహమాటపడుతూ.

"నవ్వనీ" అంది గాలక్క. తొడుగులు ఇచ్చాక మళ్ళీ పిలిచి, "నీవాళ్ళు నవ్వినా సరే" అంది. అతనికి అర్థమైందో లేదో, తలూపి వెళ్ళాడు.

తమ్ముణ్ణి ఇంటికి తెచ్చిన రోజు నలుగురు కలిసి కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోసుకెళ్ళారు. నడుస్తాడు, తింటాడు, మనుషుల్ని గుర్తుపడతాడు. అన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటాడు. భార్య గ్లాసు పగలగొడితే పాత రోజుల్లోలాగే నవ్వుతాడు. మర్నాడు పొద్దున ఆసుపత్రిలో వ్యాయామానికి తీసుకెళ్ళాలి. కింద బండి వచ్చి ఆగింది. గాలక్క తన గది గడపలో నిలబడి వింటోంది.

పై నుంచి మరదలి గొంతు, "ఏవండీ, రండి, నేను పట్టుకున్నానుగా" అని. మళ్ళీ అదే. మళ్ళీ అదే, ఈసారి ఏడుపుతో. బండివాడు పైకి వెళ్ళి తానూ చెప్పి చూశాడు. చివరకు మరదలు మెట్ల పైనుంచి కిందికి వంగి చూసింది.

"వదినా, పైకి రా. నువ్వు చెబితేగాని దిగడట."

గాలక్క పైకి వెళ్ళింది. తమ్ముడు మొదటి మెట్టు మీద, కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కిందికి చూస్తూ నిలబడ్డాడు. ఆమెను చూడగానే చేతులు వదిలి, కట్టుకోబోయి, కుదరక వదిలేశాడు.

"అక్కా, దిగొచ్చా?"

అది ఆటపట్టించే గొంతు కాదు. నిజంగానే అడుగుతున్నాడు. గాలక్క గోడకు ఆనుకుని అతన్ని దాటి, ఒక మెట్టు కిందికి దిగింది. అక్కడ నిలబడి గుండె నిండా ఊపిరి తీసుకుంది. వదిలింది. మళ్ళీ తీసుకుంది.

"దిగు" అంది.

అతను కదల్లేదు. ఇంకా ఏదో రావాల్సి ఉన్నట్టు ఆమె నోటి వంకే చూస్తున్నాడు. మరదలికి అర్థం కాలేదు. గాలక్కకు అయింది. ఆ రోజు ఓడ మీద ఇవ్వకుండా వచ్చేసిన జవాబు కోసం నిలబడ్డాడు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని అంది.

"దిగరా, దున్నపోతా."

అతను ఒక మెట్టు దిగాడు. దిగి ఆగాడు.

"అక్కా, దిగొచ్చా?"

మెట్లు పద్నాలుగు. ప్రతి మెట్టుకూ అడుగుతాడు. ప్రతి మెట్టూ ఆమే ముందు దిగి, నిలబడి, ఊపిరి పీల్చి, అప్పుడు చెబుతుంది. మూడో మెట్టు దగ్గర మరదలు అతని వెనక నుంచి చెయ్యి చాపి గాలక్క భుజం మీద వేసింది, ఆసరాకో మరి దేనికో. కింద బండివాడు రెండుసార్లు హారన్ కొట్టి, తల బయటికి పెట్టి, "ఇంకా ఎంతసేపమ్మా? త్వరగా కానివ్వండి" అని అరిచాడు.

"ఆగు నాయనా" అంది గాలక్క, వెనక్కి తిరగకుండా. "ఈ మెట్టు ఇంకా చూడలేదు."